నడవాలో ఆరు నిమిషాలు

పరుగెత్తకూడదు, మాట్లాడకూడదు, ఆయాసం వస్తే ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు, కుదుటపడ్డాక మళ్లీ నడవవచ్చు, గడియారం మాత్రం ఆగదు అని ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్కొక్క మాటా విడదీసి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. రేవులో క్రేను నడిపే ఆమె తలూపింది. ఇది రెండోసారి. మూడు నెలల కింద ఇదే ఆసుపత్రిలో, ఇదే నడవాలో, ఇదే అమ్మాయి ఇవే మాటలు ఇదే వరసలో చెప్పి, ఆరు నిమిషాలు అయ్యాక అట్టమీది కాగితంలో రెండు వందల నలభై అని రాసుకుంది. ఇవాళ నాలుగు వందలు రావాలి. రేవు ఆఫీసు డాక్టరు ఆ అంకెను చీటీ మీద వేసి, చుట్టూ గీత కూడా గీసి ఇచ్చాడు. మళ్లీ క్రేను ఎక్కాలంటే నాలుగు వందల మీటర్లు, ఒక్క మీటరు తగ్గినా గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీల నంబర్లు రాసుకోవడమే. నడవా ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై మీటర్లు. రెండు కొసల్లోనూ రోడ్డు మరమ్మతుల దగ్గర పెట్టే నారింజరంగు ప్లాస్టిక్ కోన్లు పెట్టారు. వాటి చుట్టూ గానుగెద్దులా తిరగాలి. గోడవారగా బెంచీలో ఒక ముసలాయన ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేల తుడిచే మనిషి కర్ర గోడకు ఆనించి, ఈ నడక అయ్యేదాకా తనకు పని లేదన్నట్టు నిలబడింది. వేలికి తగిలించిన క్లిప్పులో ఆక్సిజన్ లెక్క తొంభై అయిదు అని వెలుగుతోంది. మొదలుపెట్టండి అంది అమ్మాయి.

కాళ్లు వాటంతటవే కదిలాయి, ఎప్పటి అలవాటో. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టావే అని తల్లి అనేది చిన్నప్పుడు. దుకాణానికి పంపిస్తే గుమ్మం దాటిన చప్పుడూ తిరిగొచ్చిన చప్పుడూ ఒక్కటిగా వినిపించేవట. ఆ కాళ్లే రేవులో నూట ఎనభై ఆరు మెట్లు ఎక్కేవి. క్రేనుకు లిఫ్టు ఉంది గానీ గాలి గట్టిగా వీస్తే ఆగిపోతుంది, అప్పుడు మెట్లే దిక్కు, అందుకే మెట్లెక్కలేనివాళ్లకు పైన చోటు లేదన్నది రేవు నియమం. పైన గాజుగది. ఒక కుర్చీ, రెండు చేతులకూ రెండు పిడులు, కాళ్ల మధ్య అద్దపు నేల. ఆ అద్దంలోంచి చూస్తే ఓడ అగ్గిపెట్టెలు పేర్చిన పళ్లెంలా ఉంటుంది, మనుషులు చీమలకన్నా కాస్త నయం. ఇనుప చట్రాన్ని దించి, కంటైనరు నాలుగు మూలలూ పట్టిందని పచ్చదీపం వెలిగాక, ముప్పై టన్నుల బరువును పసిపిల్లను ఊయల్లోంచి తీసినట్టు లేపాలి. పద్నాలుగేళ్లలో ఒక్క మూల కూడా లారీకి తగల్లేదు. పైనమ్మ డ్యూటీలో ఉందంటే కింద నిశ్చింతగా నిద్రపోవచ్చని కూలీలు అనేవారు, అలా ఆమెకు పైనమ్మ అనే పేరు స్థిరపడింది. ఊపిరి సలపని పని అని ఇంట్లో గొప్పలు చెప్పుకునేది. ఊపిరి సలపకపోవడమంటే ఏమిటో ఎరక్కుండానే అన్నేళ్లు ఆ మాట వాడేసింది. మొదటి కోను వచ్చింది, తిరిగింది, ముసలాయన మోకాళ్లు దాటింది, రెండో కోను. ఫరవాలేదు, ఇలాగే పోతే ఫరవాలేదు.

"బాగా నడుస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలున్నాయి."

ఆ మాట అందరికీ చెబుతుంది. కిందటిసారి గోడ పట్టుకుని దేకినప్పుడు కూడా బాగా నడుస్తున్నారనే అంది. నిమిషానికొకసారి ఆ ఒక్క ముక్కే అనాలట, గొంతు పెంచకూడదు, తగ్గించకూడదు, ఉత్సాహపరచకూడదు. అలా కొలిస్తేనే కొలత సరిగ్గా వస్తుందట. మంచిదే. ఈ ఆసుపత్రిలో గొంతు మార్చి మాట్లాడినప్పుడల్లా చెడ్డవార్తే వచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ జ్వరంతో ఇక్కడే చేరిన ఆ నెలలో, ఆమెకు ఊపిరి గొట్టం తీసేసిన రోజు నర్సు గొంతు మార్చి, మీరు చాలా అదృష్టవంతులమ్మా అంది. అప్పటికి పంతొమ్మిది రోజులు యంత్రమే ఆమె కోసం ఊపిరి పీల్చింది. పంతొమ్మిది రోజులు ఎక్కడున్నావంటే ఏం చెబుతుంది, గాజుగదిలోనే ఉన్నాననుకుంది, కింద అద్దంలో ఏమీ కనిపించని పొగమంచు, కిందికి దింపిన తాడు ఎక్కడా ఆనడం లేదు, ఇంకా దిగుతోంది, ఇంకా దిగుతోంది. మెలకువ వచ్చాక గొంతులో మాట లేదు. కూతురు పలక తెచ్చింది. వంకర అక్షరాలతో, నాన్న తిన్నారా అని రాసింది. కూతురు తలూపింది. మర్నాడు, నాన్నకు జ్వరం తగ్గిందా. తలూపింది. తొమ్మిది రోజులు అలా తలూపుతూనే ఉంది పంతొమ్మిదేళ్ల పిల్ల, ముఖం మీద మాస్కు, పైన రెండు కళ్లు. పదోరోజు పలక ఇవ్వకుండా మంచం అంచున కూర్చుని, నాన్న లేరమ్మా అంది. ఆయన పోయి అప్పటికి ఇరవై మూడు రోజులయింది. మనిషి పోయాక ఇరవై మూడు రోజులు భార్య లోకంలో ఆయన బతికే ఉన్నాడు, తింటున్నాడు, జ్వరం తగ్గుతోంది.

మూడో కోను. కాదు, నాలుగో కోనా? తొడల్లోకి నీళ్లు పోసినట్టు బరువెక్కుతోంది. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి అంది అమ్మాయి, అదే గొంతు. నాలుగు నిమిషాల్లో మామూలు మనిషి వీధి చివరకు వెళ్లి రావచ్చు. ఆమె అయితే రెండుసార్లు. ఆయనైతే, అబ్బే, ఆయన సంగతి వేరు. ఆయనతో కలిసి నడిచిన రోజంటూ లేదు. కలిసి బయల్దేరేవారు, ఇంటి గుమ్మం దగ్గర మాత్రమే కలిసి ఉండేవారు, పదడుగులు పోయేసరికి ఆమె ముందు, ఆయన వెనక. ఆయన పని నూలుమిల్లులో, దూది ఏకే గదిలో. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల మీద తెల్లటి నూగు, జేబుల్లో నూగు, చెవుల్లో నూగు. మంచు కురిసిన దేశం నుంచి వచ్చారు మహారాజు గారు అని ఆమె తువ్వాలు పెట్టి దులిపేది. నోట్లో నాలుక లేని మనిషి, నవ్వేవాడు. నడక మాత్రం నత్తకు పాఠం చెప్పేలా ఉండేది. బస్సు వస్తోందండీ అంటే, నువ్వు పోతూ ఉండు, వచ్చేస్తా అనేవాడు. దారిలో కనిపించిన ప్రతి కొట్టు ముందూ ఆగేవాడు. చెప్పు పట్టీ సరిచేసుకునేవాడు. గోడమీద అక్షరం ఉంటే చాలు, గది అద్దెకు ఇవ్వబడును, నీళ్ల ట్యాంకులు శుభ్రం చేయబడును, తప్పిపోయిన కుక్కను చూపినవారికి బహుమతి, అన్నీ చదవాలి, చదివి వచ్చి అందులో వింతలు చెప్పాలి. ఆ కుక్క ఫోటోలో నీలాగే కోపంగా చూస్తోందే అనేవాడు. ఆమెకు నవ్వు వచ్చినా నవ్వేది కాదు. గోడల పండితుడని పేరు పెట్టింది. సోమవారమైతే మరీ ఘోరం, ఆదివారం బద్ధకం సోమవారానికి పాకిందని దెప్పేది. ఒకసారి, కూతురి బడిలో సమావేశానికి ఆలస్యమైన రోజు, నడిరోడ్డు మీద వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. నీకు పెళ్లాం వద్దు, ఊతకర్ర కావాలి అని. నలుగురూ చూశారు. ఆయన కొట్టు అద్దంలో గిన్నెల సెట్టు చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఊపిరి చిన్నదవుతోంది. పీలుస్తోంది గానీ లోపలికి వెళ్లింది అక్కడే గొంతు దగ్గర తిరిగి వచ్చేస్తోంది, తలుపు వేసిన ఇంటికి వెళ్లినవాడిలా. నేల తుడిచే మనిషి ఆమెవంక చూసి చూపు తిప్పుకుంది. అమ్మాయి చూస్తోంది. ముసలాయన చూస్తున్నాడు. ఆగితే ఓడిపోయినట్టు వాళ్లకు తెలుస్తుంది, ఆగకపోతే పడిపోతుంది. నడవా మధ్యలో గోడకు ఒక కాగితం అంటించి ఉంది, చేతులు కడుక్కునే పద్ధతి, బొమ్మలతో. ఆమె దాని ముందు ఆగింది. ఆయాసపడి ఆగినట్టు కాదు, చదవడానికి ఆగినట్టు. ఒకటి, అరచేతులు రుద్దండి. రెండు, చేతుల వెనకభాగం. మూడు, వేళ్ల సందులు. మూడోది మళ్లీ చదివింది. వేళ్ల సందులు. బొమ్మలో చేతులు ఎవరివో, గాజులు లేవు, ఉంగరం లేదు. ఎంత శ్రద్ధగా చదువుతోంది తను. చేతులు కడుక్కోవడం తెలియనిదానిలా. తలకాయ కాస్త ముందుకు వంచి, ఒక చెయ్యి నడుముమీద వేసి, పెదాలు కదుపుతూ, భుజాలు పైకీ కిందికీ ఊగుతుంటే ఎవరికీ కనిపించకుండా గోడవైపు తిరిగి.

ఆ నిలబడ్డ తీరు తనది కాదు.

నడుముమీద చెయ్యి, వంచిన తల, గోడవైపు తిరిగిన ముఖం, ఇరవై రెండేళ్లు తను దూరం నుంచి, వెనక్కి తిరిగి, విసుక్కుంటూ చూసిన మనిషి నిలబడిన తీరు అది. ఆయన కుక్క ఫోటో చూడలేదు. గిన్నెల సెట్టు చూడలేదు. చెప్పు పట్టీ ఊడలేదు. ఆయన ఊపిరి కోసం ఆగాడు. ప్రతి కొట్టు దగ్గరా, ప్రతి గోడ దగ్గరా, ఊపిరి కోసం ఆగి, ఊపిరి అందాక వచ్చి, ఆగినందుకు ఒక జోకు చెప్పాడు. గుండెల్లో ఏదో జారి పడింది, కింద ఎక్కడా ఆనలేదు. కాదు, అలా ఉండదు, నాకు తెలియకుండా ఉండదు, ఒకే కంచంలో తిన్నట్టు బతికాం, రాత్రి ఆయన పక్కన పడుకున్నాను, ఆ గురక, గురక కాదా అది, రెండు దిళ్లు పెట్టుకునేవాడు, మెడనొప్పి అనేవాడు, మెడనొప్పి. మీరు ఆగవచ్చు, వీలైనప్పుడు మళ్లీ మొదలుపెట్టండి అంది అమ్మాయి, అదే గొంతు. సరే. సరే. క్లిప్పులో ఎనభై ఏడు. ఆసుపత్రికి తీసుకొచ్చిన రోజు కూడా ఇలాంటి క్లిప్పే ఆయన వేలికి పెట్టారు, నూగు పట్టిన ఆ వేలికి. అత్యవసర విభాగంలో ఒక్కరినే లోపలికి రానిచ్చారు, ఆమె వెళ్లింది, అప్పటికి తనకింకా దగ్గు మాత్రమే. ఆక్సిజన్ మాస్కు వల్ల ఆయన మాట్లాడలేకపోతున్నాడు. కుర్ర డాక్టరు కాగితం చూస్తూ అడిగాడు. ఇంతకుముందు నుంచీ ఊపిరితిత్తుల ఇబ్బంది ఏమైనా ఉందా అమ్మా? ఆమె ఏమంది. ఏమందో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకంటే ఆ మాటకు డాక్టరు కూడా నవ్వాడు.

"బద్ధకం తప్ప ఆయనకు ఏ జబ్బూ లేదండీ."

డాక్టరు లేదు అని రాసుకున్నాడు. ఆయన మాస్కు పైనుంచి ఆమెను చూశాడు. కళ్లు చిన్నవయ్యాయి, నవ్వినట్టే. అప్పుడు నవ్వాడనే అనుకుంది.

నడిచింది. ఎందుకు నడిచిందో తెలియదు. ఇంకా రెండు నిమిషాలున్నాయని గొంతు చెప్పింది కాబట్టి నడిచింది. కోను దగ్గర తిరిగేటప్పుడు కాలు తగిలి అది పడిపోతే నేల తుడిచే మనిషి వచ్చి నిలబెట్టింది. నాలుగు వందలు ఎప్పుడో పోయాయి, ఆ సంగతి కాళ్లకు తెలుసు, అయినా ఆ బాధ ఎక్కడో పక్కింట్లో ఏడుపులా దూరంగా ఉంది. ఈ నడక ఆయన నడక. ఒక అడుగు, ఒక ఊపిరి, ఇంకో అడుగు. ఇలా నడిచి బస్సుస్టాండుకు వెళ్లాడు. ఇలా నడిచి మూడో అంతస్తు మెట్లెక్కాడు, రెండు చేతుల్లో సామాను సంచులతో, సామాను నేను తేను, చేతులు నొప్పులు, పొద్దంతా పిడులు పట్టుకున్న చేతులు నావి అని ఆమె అంటే. ఇలా నడిచి సోమవారం పొద్దున్నే మళ్లీ ఆ దూది గదిలోకి వెళ్లాడు. వెనక్కి తిరిగి ఒక్కసారైనా పదడుగులు వెనక్కి నడిచి పక్కన నిలబడి ఆ గోడమీద ఏముందో తనూ చదివి ఉంటే. ఒక్కసారి. ఇరవై రెండేళ్లలో నడిచిన వీధులన్నీ కలిపి ఒక్క వీధిలో, ఒక్కసారి. ఇంకా ఒక నిమిషం ఉంది. ఒక నిమిషం ఉందా, ఏం చేసుకోను దాన్ని.

ఆగండి అంది అమ్మాయి. ఎక్కడ ఆగిందో అక్కడే కుర్చీ తెచ్చి వేసింది, నేలమీద గుర్తు పెట్టింది. సున్నా నుంచి పది దాకా ఆయాసం ఎంత అని అడిగితే ఏడు అంది ఆమె. రెండు వందల ఎనభై రెండు మీటర్లు. కిందటిసారికంటే నలభై రెండు ఎక్కువ, ముప్పై పెరిగినా మంచి మార్పు కిందే లెక్క అని చెబుతూ అమ్మాయి మొదటిసారిగా తన సొంత గొంతులోకి వచ్చింది. రేవు వాళ్లు అడిగిన అంకె ఆ అమ్మాయికీ తెలుసు. వ్యాయామాలు మానకండి, ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బ కొంత మానుతుంది, కొంత మానదు, ఉన్నదాంతో నడవడం నేర్చుకోవాలి అంది. నూట ఎనభై ఆరు మెట్ల సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆమెకు అడగాల్సింది ఒకటే ఉంది. అడగడానికి నాలుగు ఊపిరులు పట్టింది.

"ఒక మనిషి ఏళ్ల తరబడి రోజూ ఇలాగే నడిస్తే, పక్కనున్నవాళ్లకు తెలుస్తుందామ్మా?"

అమ్మాయి క్లిప్పు తీసింది. "చాలామందికి తెలీదమ్మా. అలవాటైపోతుంది. మెల్లగా నడిచే మనిషి అనుకుంటారు."

కూతురు కింద, మందుల కొట్టు పక్కన, సిమెంటు అరుగు మీద కూర్చుని ఉంది. తల్లిని చూడగానే లేచింది, ఎంతొచ్చింది అని అడగబోయి ముఖం చూసి మానేసింది. ఆమె అరుగు మీద కూలబడింది. మనుషులు వస్తున్నారు, పోతున్నారు, ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ దారి అడుగుతున్నారు. ఊపిరి ఒక దారికి వచ్చేదాకా ఆగి, కూతురి చెయ్యి పట్టుకుని, నాన్నకు ఆయాసం ఉండేదా అని అడిగింది. లేదు అనమని అడిగింది, నిజానికి. తల్లి కోరినదానికి తలూపడం ఆ పిల్లకు బాగా అలవాటేగా. కానీ కూతురు ఈసారి తలూపలేదు.

"ఉండేది."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పట్నుంచి."

ఒకరోజు బడి నుంచి వస్తే రెండో అంతస్తు మెట్లమీద నాన్న కూర్చుని ఉన్నాడట, పెదాలు నీలంగా. దూది నుసి ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఆ గది మానెయ్యమని మిల్లు డాక్టరు అప్పటికే చెప్పాడట. సెలవు తర్వాతి రోజు మరీ పట్టేస్తుందట, అందుకే సోమవారాలు. గది మార్చమంటే ఏడాది పాటు మూటలు కట్టే చోట వేసి, మనుషులు చాలక మళ్లీ అక్కడికే పంపారట. పీల్చే మందు కూతురి జామెట్రీ పెట్టెలో ఉండేదట, ఎందుకంటే ఆ పెట్టె అమ్మ తెరవదు. ఇవన్నీ కూతురు నేలచూపులు చూస్తూ, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న పాఠంలా తడుముకోకుండా చెప్పింది. మరి నాకెందుకు చెప్పలేదు, నేను ఆయనకు ఏమవుతాను అని ఆమె అడిగింది. గట్టిగా అడగాలనుకుంది, గాలి చాలక గుసగుసలా వచ్చింది.

"ఒట్టేయించుకున్నారమ్మా. అమ్మ చేతికింద మనుషులుంటారు, అంత బరువు వాళ్ల నెత్తిమీద వేలాడుతుంటుంది, దాని మనసు నా మీదుంటే చెయ్యి ఎటు పోతుందో చెప్పలేం, అది దిగొచ్చాక చెబుదాంలే అన్నారు. నువ్వు రిటైరయ్యాక అని."

ఆమె లోపలే లెక్క వేసుకుంది. రిటైరవడానికి ఇంకా పదిహేనేళ్లుంది. పదిహేనేళ్లూ ఆ జోకులతో నెట్టుకొద్దామనుకున్నాడు. అత్యవసర విభాగంలో డాక్టరుకు తనేమని జవాబు చెప్పిందో కూతురికి చెప్పింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆ మాట ఈ రాత్రి కునుకు పట్టనివ్వదు. కూతురు ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా. ఆ సాయంత్రం మాస్కు పక్కకు జరిపి ఫోన్లో నాన్నే చెప్పారు. మీ అమ్మ ఇవాళ డాక్టర్ని కూడా నవ్వించిందే అన్నారు." గొంతు ఇంకా తగ్గించి, "మర్నాడు పొద్దున నేను వార్డుకు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాను. రాసుకున్నాం అన్నారు."

అంతకుమించి ఆ పిల్ల దగ్గర ఏమీ లేదు. ముందురోజే తెలిసి ఉంటే ఏమయ్యేదో ఇద్దరిలో ఎవరూ అడగలేదు, చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆమె నోరు తెరిచింది. లోపలి నుంచి కొండంత ఏడుపు లేచింది గానీ, అంత ఏడుపును బయటకు తోసేంత గాలి ఆ ఛాతీలో లేదు. సగం దాకా వచ్చి దగ్గుగా మారింది, దగ్గు ఆగితే ఎక్కిళ్లుగా మారింది, కళ్లముందు అరుగు, మనుషులు, గేటు అన్నీ నల్లబడసాగాయి. కూతురు పక్కకు జరిగి, తల్లి వీపును తన ఛాతీకి ఆనించుకుని, వెనకనుంచి రెండు చేతులూ వేసి పట్టుకుంది.

"మెల్లగా ఏడువమ్మా," అంది.

ఆమె మెల్లగా ఏడ్చింది, అందినంత గాలికి అందినంత.